నాన్న రాసిచ్చిన నక్షత్రాల పుస్తకం

మా నాన్న దద్దాహ్ పోయేముందు తన రాతప్రతుల పెట్టెలన్నీ ఊరి గ్రంథాలయానికి రాసిచ్చాడు. ఊరు ఊరంతా ఆయన్ని మహానుభావుడంది. పెట్టెలు తెరిచే రోజున ఒంటెను కోసి విందు చేస్తామన్నారు. నా ఊసు ఎవరూ ఎత్తలేదు. చూపు పోయిన మనిషికి ఇరవై ఏళ్లు కళ్లయి బతికినదాన్ని నేను. రోజూ మధ్యాహ్నం టీ అయ్యాక నేను చదివేదాన్ని, కంఠతా వచ్చిన నక్షత్రాల పుస్తకాన్నే ఆయన మళ్లీ తల ఊపుతూ వినేవాడు. వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపి, "నువ్వు వెళ్తే ఈ పుస్తకాలు మూగబోతాయి తల్లీ" అనేవాడు. ఆ మాట నమ్మి ఉండిపోయాను.

విందుకు ముందురోజు నక్షత్రాల పుస్తకం ఒక్కసారి పూర్తిగా చదివి, నా చేతులతోనే అప్పగించాలనుకున్నాను. నా వయసంతా అందులోనే కరిగిపోయింది మరి. గ్రంథాలయం చూసుకునే మా అన్నయ్య యహ్దీహ్ తలుపు తీసి, టీ కాచుకోవడానికి ముందుగదిలోకి వెళ్లాడు.

పొద్దు వాలాక చేసే అసర్ నమాజు వేళ కాకుండానే ఇసుకగాలి లేచింది. ముందు కిటికీ ఎర్రబడింది, తర్వాత గది. కాసేపటికి నా చెయ్యి నాకే కనపడలేదు. తలుపు సందుల్లోంచి ఇసుక సన్నగా జారుతున్న చప్పుడు. దీపం వెలిగించాను. పాత తోలు వాసన, ఎండిన సిరా వాసన... వాటి వెనకాల తడిమట్టి వాసన. వాన మొహం చూడని ఊళ్లో తడిమట్టి ఎక్కడిదబ్బా అనుకుంటూనే చదవడం మొదలుపెట్టాను.

"సుహైల్ నక్షత్రాన్ని ఎడమ భుజాన ఉంచుకుని నడిస్తే, తెల్లారేసరికి బావి."

"తప్పు."

పెట్టె అవతలి నుంచి. మెల్లగా.

నిజం చెప్పాలంటే భయం వేయలేదు. ప్రాణం లేచొచ్చింది. నాన్నే వచ్చాడనుకున్నాను. మళ్లీ చదివాను.

"తప్పు. కుడి భుజాన."

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న వెంట ఒంటె మీద ఆ బావికి వెళ్తుంటే సుహైల్ మాకు కుడివైపే ఉండేది. పెద్దయ్యాక అదే అడిగితే, పాతవాళ్ల రాత, ఎదురడక్కు అన్నాడు. ఎడమ అని నమ్మి నడిచినవాడు ఇసుకలో ఎండి చస్తాడు. అన్నేళ్లూ నా నోట ఆ మాట విని, తల ఊపాడు.

"మరి అప్పుడెందుకు దిద్దలేదు నాన్నా?"

దీపం ఎత్తి పెట్టె వైపు పట్టాను.

"నేను మీ నాన్నను కాను. ఆ పుస్తకం రాసినవాణ్ణి. నీ చేతిలో ఉన్నది నేను రాసింది కాదు."

ముందుగదిలోకి ఎలా వచ్చి పడ్డానో తెలీదు. పుస్తకం అన్నయ్య ఒళ్లోకి విసిరి, ఇది ఎవరి రాత అని అడిగాను. అతను గ్లాసులోంచి గ్లాసులోకి టీ పోస్తూ, తలెత్తకుండానే చెప్పాడు. నేను చదవడం మొదలుపెట్టకముందే, కరువు ఏడాదిలో, నాన్న అసలు పుస్తకాలన్నీ ఎవరో పరదేశికి అమ్మేశాడట. ఇవి హడావుడిగా రాయించి, టీ నీళ్లు పూసి పాతవిగా చేసిన నకళ్లట.

"నాకెందుకు చెప్పలేదు?"

"సెల్కా, నువ్వు నమ్మితేనే ఊరు నమ్ముతుందన్నాడు నాన్న. పెళ్లి మానుకుని మరీ చదువుతోందంటే, అవి దొంగ పుస్తకాలని ఎవరికి అనుమానమొస్తుంది?"

ఏరన్నదే లేని ఊళ్లో కన్నతండ్రి నన్ను నట్టేట ముంచాడు. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడు పుస్తకాల గదిలోంచి ఇంకో గొంతు. ఈసారి నాన్నదే. ఆ దగ్గు నాకు తెలుసు.

"సెల్కా... ఇక్కడ నాకేమీ కనపడదు తల్లీ... పుస్తకం రాసినాయన చదవమంటున్నాడు... వచ్చి చదివిపెట్టవూ..."

అన్నయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. అతనికీ వినపడింది.

పిలుపుకు అలవాటుపడ్డ కాళ్లు గడప దాకా వెళ్లిపోయాయి. అక్కడ ఆపుకున్నాను.

"నువ్వే చదువుకో" అన్నాను.

లోపల నాన్న తడుముకుంటూ, కంఠతా వచ్చిన ఒక మాట అప్పజెప్పాడు. వెంటనే ఆ మొదటి గొంతు, "తప్పు." ఇంకో మాట. "తప్పు." నాన్న చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. నేను కదల్లేదు. ఇన్నాళ్లు నన్ను వాడుకున్నది చాలదా అనుకున్నాను.

వెక్కిళ్లు ఆగాయి.

ఎవరో గొంతు సవరించుకున్నారు. తడబాటు లేకుండా, తీరిగ్గా, చదవడం మొదలుపెట్టారు. ఆడగొంతు. వాక్యం చివర కాస్త సాగదీసే ఆ తీరు ఊరందరికీ తెలుసు. నా గొంతు అది.

అన్నయ్య బెదిరిపోయి నా నోటివంకే చూస్తున్నాడు. నా పెదవులు మూసే ఉన్నాయి. తప్పని ఈసారి ఎవరూ అనలేదు.

అన్నయ్యా అని పిలుద్దామని నోరు తెరిచాను. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను... లోపల చదువు సాగుతూనే ఉంది.