పదకొండో డ్రైవ్ మాట వినదు

పదకొండో నంబరు మళ్లీ ఎర్రబడింది.

లాప్‌టాప్ మేడమ్ పళ్లు నూరింది. బయటి కంపెనీ తరఫున ఆ సీసాల ఫ్యాక్టరీకి వచ్చిన రోజు నుంచి అందరూ ఆమెను అలాగే పిలుస్తున్నారు. అక్కడ ఇరవై నాలుగు మోటార్లు, వాటిని అదుపులో పెట్టే ఇరవై నాలుగు డ్రైవ్‌లు ఉన్నాయి. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, ఫైల్లో ఉన్న సెట్టింగులను నెట్‌వర్క్ మీదుగా ఒక్కో డ్రైవ్‌లోకి లోడ్ చేయాలి. తరువాత ఫైల్లో ఉన్నదీ డ్రైవ్‌లో ఉన్నదీ ఒకటేనా అని సరిచూడాలి. ఒకటైతే తెర మీద ఆ నంబరు పచ్చగా, తేడా ఉంటే ఎర్రగా వెలుగుతుంది. సాయంత్రం నాలుగింటికల్లా ఇరవై నాలుగూ పచ్చగా ఉన్న రిపోర్టు వెళ్తేనే ఆమె ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఏడాది ట్రైనింగు గాలికి పోయినట్టే.

పొద్దున్నుంచి ఇది మూడోసారి. లోడ్ చేయగానే పచ్చగా ఉంటుంది, గంట తిరక్కముందే ఎర్రబడుతుంది. తేడా ఒక్కచోటే. మోటారు పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సమయం ఫైల్లో రెండు సెకన్లు, డ్రైవ్‌లో ఆరు.

రెండు దానంతటది ఆరు కాదు. ఎవరిదో చెయ్యి పడుతోంది.

నాలుగోసారి లోడ్ చేసి, వెళ్లి పదకొండో ప్యానెల్ వెనక నక్కింది. పైన రేకుల మీద వాన దంచేస్తోంది. కాసేపటికి ప్యానెల్ తలుపు కిర్రుమంది. కీప్యాడ్ మీద వేళ్లు టిక్కుటిక్కుమన్నాయి.

"దొరికావ్!"

అవతలి మనిషి ఎగిరిపడ్డాడు. నుదురు తలుపుకు ఠంగున తగిలింది. ప్లాంటు ఎలక్ట్రీషియన్. జేబులో టెస్టర్ లేకుండా కనిపించడు కాబట్టి అతని పేరు కూడా టెస్టరే.

"అమ్మో! కరెంటైనా ఇంత గట్టిగా కొట్టదు మేడమ్."

"జోకులొద్దు. నా సెట్టింగు ఎందుకు మారుస్తున్నారు మీరు?"

"'దొరికావ్' అన్నప్పుడే బాగుంది. మళ్లీ 'మీరు' ఎందుకండీ?"

"అడిగినదానికి చెప్పండి!"

"మీ రెండు సెకన్లకి సీసాలు పడిపోతున్నాయి."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"రెండుసార్లొచ్చా. మొదటిసారి 'బిజీ' అన్నారు. రెండోసారి అదీ లేదు, చెయ్యి ఊపారు. ఈగని తోలినట్టు."

ఆమె చెవులు వేడెక్కాయి. కానీ టైము రెండున్నర.

"కీప్యాడ్‌కి లాక్ వేస్తున్నా. ఇక మీ వేళ్లకి పని లేదు."

"వేసుకోండి. వేసి, ఒక్కసారి బెల్టు దగ్గర నిలబడి చూడండి. తరువాత మీ ఇష్టం."

డ్రైవ్‌లో ఇంకా రెండే ఉందని చూసి లాక్ వేసింది. అన్నాడు కదా అని వెళ్లి చూసింది.

పదకొండో మోటారు నడిపే బెల్టు మలుపు దగ్గర ఒక పెద్దావిడ గ్లౌజులు తొడుక్కుని నిలబడి ఉంది. ముందున్న ప్యాకింగ్ చోటు సీసాలతో నిండినప్పుడల్లా బెల్టు ఆగుతోంది. మళ్లీ కదిలేటప్పుడు ఒక్క ఉదుటున లాగుతోంది. సీసాలు ఊగాయి. మూడు ఒరిగాయి. పెద్దావిడ ఒకదాన్ని పట్టుకుంది. రెండు భళ్లుమన్నాయి. గ్లౌజు చిరుగులోంచి బొటనవేలి కట్టు కనిపించింది.

"వెనక్కి జరుగమ్మా, గాజు గుచ్చుకుంటుంది."

"ఎప్పుడూ ఇంతేనాండీ?"

"మా అబ్బాయొచ్చి ఏదో నొక్కితే గంటసేపు బుద్ధిగా నడుస్తుంది. ఇంతలో ఎవరో మహాతల్లి చెడగొడుతుంది."

"ఆ మహాతల్లిని నేనేనండీ," అంది మేడమ్.

పెద్దావిడ ఎగాదిగా చూసింది. "అయ్యో, చూస్తే మంచిపిల్లలాగే ఉన్నావే!"

మేడమ్ కంట్రోల్ రూమ్‌కి పరుగెత్తి బాస్‌కి ఫోన్ కొట్టింది.

"సార్, పదకొండో డ్రైవ్‌లో తప్పేం లేదు. ఫైలే తప్పు. ఆరు సెకన్లు ఉండాలి."

"నాలుగింటికి రిపోర్టు పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? రెండే ఉంచి పంపించు."

"రెండుంచితే నేను సంతకం పెట్టను సార్. పదకొండు ఎర్రగానే పంపిస్తాను."

చెప్పాక గాని తెలియలేదు ఏం చెప్పిందో.

"తప్పయితే నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీండి సార్."

"సరే. మార్చు."

టెస్టర్ వాకీటాకీ పట్టుకుని బెల్టు దగ్గర నిలబడ్డాడు. ఆమె ఫైల్లో ఆరు కొట్టి లోడ్ చేసింది.

"కదిలిందా?"

"కదిలింది. నిద్రపోతున్న పాపాయి ఉయ్యాల ఊపినట్టు మెల్లగా..."

"కవిత్వం వద్దు. పడ్డాయా?"

"ఒక్కటీ పడలేదు మేడమ్!"

సరిచూసింది. ఇరవై నాలుగూ పచ్చగా వెలిగాయి. 'మార్పు సూచించినవారు' అన్న చోట ప్లాంటు ఎలక్ట్రీషియన్ అని రాసి పంపింది. మూడు యాభై ఎనిమిది.

బాస్ నుంచి జవాబు వెంటనే వచ్చింది. ఉద్యోగం ఖాయం. కానీ పదకొండో డ్రైవ్‌ని నెలరోజులపాటు వారం వారం ఆమే స్వయంగా వచ్చి చూడాలి.

ఆ సంగతి చెప్పడానికి బెల్టు దగ్గరికి వెళ్తే, టెస్టర్ చూపులు దించుకున్నాడు.

"ఒకటి చెప్పాలి. నాలుగోసారి మీరు ప్యానెల్ వెనకున్నారని నాకు తెలుసు. కింద సందులోంచి చెప్పులు కనిపించాయి."

"తెలిసీ వచ్చారా?"

"వేరే ఎలా మాట్లాడను మీతో? అరుస్తారని మాత్రం అనుకోలేదు."

ఆమెకు నవ్వాగలేదు. పెద్దావిడ గ్లౌజులు తీస్తూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నెలరోజులేనా వచ్చేది? ఆ తరువాతో?"

టెస్టర్ ఉన్నట్టుండి మోటారును పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు.

"నోరు తెరిచి అడగరా! నన్నడగమంటావా?"

అతను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"ఆ తరువాత కూడా వస్తాను అత్తయ్యా."