నాగావ్‌లో ఒక బద్లీ

మరమగ్గాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే మొదటి రోజే తగాదా వచ్చింది.

"మీరు ఇక్కడ ఏం చేస్తరు?" అని అరుణజ్యోతి గొంతు చించుకుంది. కరీంనగర్ పిల్ల. ముంబైలో అసిస్టెంట్ ప్రొఫెసర్, కూలీనాలీ బతుకుల మీద పరిశోధన చేసే లేబర్ ఎకనామిస్టు. చేతిలో ట్యాబ్ పట్టుకుని భివండిలోని నాగావ్‌కు సర్వే కోసం వచ్చింది.

"పక్కకు జరుగుండ్రి మేడం. చున్నీ సాంచల పడ్తది," అన్నాడు మగ్గం నడుపుతున్న అమోల్ విసుగ్గా. అక్కడి తెలుగువాడే.

"నేను అడిగింది చున్నీ గురించి కాదు."

"బద్లీ," అన్నాడతను.

పనిలోకి రాని మనిషి బదులు ఆ రోజుకు నిలబడేవాడిని భివండిలో బద్లీ అంటారు. అంకుశం అనే కార్మికుడు ఊరికి పోయాడు, అతని సాంచల మీద, అంటే మగ్గాల మీద, అమోల్ నిలబడ్డాడు. కాబట్టి అబద్ధం కాదు. కాకపోతే ఆ షెడ్డు తమదేనన్న ముక్క మింగేశాడు.

అరుణజ్యోతి మొహం వెలిగిపోయింది. "బద్లీలు ఒక్కచోట ఉండరు, నాకు దొరుకుతలేరు. మీరు దొరికిన్రు."

ఆ నవ్వు చూశాక నిజం చెప్పడానికి మనవాడికి నోరు పెగల్లేదు. పాపం, ఎవరికి మాత్రం పెగులుతుంది?

అప్పటినుంచి ప్రతి శనివారం ధామన్కర్ నాకా దగ్గర హోటల్లో అరగ్లాసు కటింగ్ చాయ్, ఇంటర్వ్యూ.

"పని దొరకని దినం ఏం చేస్తరు?"

"శనివారం ఎప్పుడొస్తదా అని చూస్త."

"గా మాట నేను రాయలేను," అని ఆమె తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఒకరోజు ఆమే చెప్పింది. "మా తాత గీ ఊర్లనే బద్లీ చేసిండు. ఏ హాజరు పుస్తకంల అతని పేరు లేదు. అసొంటోళ్ల గురించి రాద్దామనే గీ చదువు చదివిన."

అమోల్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. చెప్పేస్తే ఈ పిల్ల మళ్లీ రాదు. చెప్పకపోతే ఆమె పుస్తకంలో అబద్ధమై కూర్చుంటాడు. వచ్చే వారం చెబుదాం అనుకున్నాడు. వారాలు గడిచాయి.

చివరికి అతని తల్లి యమునాబాయి చెప్పేసింది. వానకు తడవకుండా షెడ్డులో నిలబడ్డ అరుణజ్యోతిని చూసి, "ఏందిరా, సేఠ్‌వై ఉండి పిల్లకు కుర్చీ గూడ ఎయ్యలే?" అంది.

"సేఠా?" అంది అరుణజ్యోతి. గొడుగు కూడా తెరవకుండా వానలోనే వెళ్లిపోయింది.

తర్వాత ఫోన్ ఎత్తలేదు. శనివారం వచ్చింది, ఆమె రాలేదు. అమోల్‌కు అన్నం సయించలేదు. సోమవారం పొద్దున్నే గాలయ్య అనే పెద్దాయనను వెంటబెట్టుకుని ముంబై బస్సెక్కి, ఆమె ఆఫీసు గదిలో నిలబడ్డాడు.

"గాలయ్య కాకను తీస్కొచ్చిన. అసలు బద్లీ గీయన. నేను మిమ్ముల మోసం చేసిన. ఇగ మీకు కనవడ."

"మిమ్ముల సర్వే శాంపిల్‌ల నుంచి తీసేసిన," అంది ఆమె, స్క్రీన్ మీంచి తలెత్తకుండా.

"మంచి పని చేసిన్రు." వెనక్కి తిరిగాడు.

"ఆగుండ్రి. మీరు చేసిన దానికి నాకు చానా కోపమొచ్చింది. ఏడ్చిన గూడ. కానీ మాకొక రూల్ ఉన్నది. సర్వేల ఉన్న మనిషి మీద మనసు పెట్టుకోవద్దు. నాగావ్ వచ్చిన కాడికెల్లి గా రూలే నన్ను సతాయించింది." ఇప్పుడు తలెత్తి చూసింది. "మీరిప్పుడు సర్వేల లేరు గద."

అమోల్ గుమ్మం దగ్గరున్న గాలయ్య వైపు చూశాడు.

"కాకా, జర కూసోండ్రి," అంది అరుణజ్యోతి. "మీ ముచ్చట మొత్తం రాసుకుంట. గీయనతోటి ఒక చాయ్ తాగొస్త."

గాలయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిమ్మళంగ రాండ్రి బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల నాకు యాడ పని దొరకలే."