అనువైన సమయం

ఆ ఉదయం భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉన్నాయి. కవర్లు, స్టాంపులు, జిగురు సీసా, ఇళ్ల బ్రోకర్లను భయపెట్టే ఉత్తరాలు, వాటితో జతచేసే జవాబు కార్డులు. మీరు అమ్మిపెట్టిన ఇంటి గోడ బీటలు వారిందని కొన్నవాళ్లు మీ మీద కోర్టుకెక్కితే, ఆ ఖర్చు మా బీమా భరిస్తుంది అని వాటి సారాంశం. ఆ బీమా ఏజెంటు ఇంటాయన. అచ్చువేసిన చిరునామా చూస్తే కవరు విప్పకుండానే పారేస్తారని, చేత్తో రాసే పని ఇల్లాలికి అప్పగించాడు. ఆవిడ డిగ్రీ ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

"ఇంతమందికి రాశాం, ఒక్కడైనా పలకడేం?" అందావిడ వేళ్లు విరుచుకుంటూ.

"ఈసారీ పలక్కపోతే ఏజెన్సీ తీసేస్తారట. నాన్నకు చెప్పకు."

నాన్నకు చెప్పకపోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఊళ్లో సగం ఇళ్లు అమ్మిపెట్టిన మామగారు, ఇప్పుడు పక్క గదిలో కిటికీ దగ్గర కుర్చీకి పరిమితం. ఆయన పేరు మాత్రం పనికొస్తోంది. తపాలా సరిగ్గా చేరుతోందో లేదో తెలియడానికి ప్రతి విడతలోనూ ఒక కవరు ఆయన పేర సొంతింటికే పంపుకుంటున్నారు; అందాక ఆయన గదిలో పడేస్తున్నారు.

పోస్ట్‌మన్ వచ్చి వెళ్లాడు. ఉత్తరాల డబ్బా తెరిచిన ఇంటాయన గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"ఇదిగో, వచ్చింది! జవాబు కార్డు!"

ఇల్లాలు కలం వదిలేసి పరుగెత్తింది. కార్డు తిప్పి తండ్రి పేరు చూసేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"నాన్నా! ఏంటిది?"

"జవాబు," అన్నారు పెద్దాయన గదిలోంచి వస్తూ.

"దుకాణం కట్టేసి ఎన్నేళ్లయింది? ఇప్పుడు నీ మీద కేసెవడు వేస్తాడు?"

"ఏమోరా, నేను అమ్మిన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి కదా. ఎప్పుడేది కూలుతుందో."

"ఇక్కడ నా బతుకు కూలుతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

కార్డు నేల మీద పడింది. పెద్దాయన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఇల్లాలు కార్డు తీసింది. చదివి, భర్త చేతిలో పెట్టింది. 'మీతో మాట్లాడటానికి అనువైన సమయం' అన్న గీత మీద వణుకుతున్న అక్షరాలున్నాయి: 'ఎప్పుడైనా. పక్క గదిలోనే ఉంటాను.'

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత, చిన్నప్పుడు మార్కులు తక్కువొచ్చినప్పటిలా, తలుపు మెల్లగా తోశాడు.

"మేమే పంపామని తెలుసా నాన్నా?"

"పాలవాడికి రాసే చీటీల్లో అమ్మాయి చేతిరాత రోజూ చూస్తున్నదేగా. రోజూ డబ్బా తెరిచి ఉత్తి చేతుల్తో వస్తున్నావు. చూడలేకపోయానురా."

కొడుకు లోపలికి వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"ఏజెన్సీ పోయేలా ఉంది నాన్నా."

"పోతే పోనీ. ముందు కూర్చో. అయినా ఆ ఉత్తరమేంట్రా, మొదటి వరసలోనే కోర్టంటావు? నేనైతే అక్కడే చింపేసేవాణ్ణి."

లోపల్నుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి వినిపించింది. ఇల్లాలు చూడ్డానికి వెళ్లలేదు. మూడు కప్పుల టీకి నీళ్లు పెట్టి, కళ్లు తుడుచుకుని మళ్లీ కవర్ల ముందు కూర్చుంది. మామగారి పేరు రాయాల్సిన కవరు పక్కన పెట్టేసింది.

ఒక స్టాంపు మిగిలింది.