పుట్టరంగయ్య కట్టిన ముడి

పొద్దున్నే ఏడున్నరకు పుట్టరంగయ్య షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడంటే, ఆ ఇంట్లో మిగతా ఇద్దరికీ ఆ పూట గడవడం కష్టమని అర్థం. మైసూరులో మూతబడిన మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీలో ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు వైర్ల సెక్షన్లో పనిచేశాడు. ఫ్యాక్టరీ పోయింది గానీ ఆయన నోరు పోలేదు. తాను తప్ప లోకంలో అందరూ చేతకానివాళ్ళే. ఆ చేతకానివాళ్ళలో మొదటివాడు సొంత కొడుకు లోకేశ.

షెడ్డులో ఉన్నది డెబ్భై ఒకటో సంవత్సరం జావా మోటారు సైకిలు. ఇరవై ఒక్కేళ్ళు గోనెపట్టాల కింద పడున్నదాన్ని మూడు నెలలుగా లోకేశే విప్పి, తుప్పు గీకి, రంగు వేయించి, మళ్ళీ బిగిస్తున్నాడు. దసరాకు పాత బళ్ళ ఊరేగింపు ఉంది. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి కొడుకుని బండి ముట్టుకోనిచ్చాడు. లేకపోతే ఆ అదృష్టం కూడా ఉండేది కాదు.

"ఏరా, ఆ చేతులేమైనా అద్దెకు తెచ్చుకున్నావా? గంట నుంచి ఒక్క వైరు పట్టుకుని వేలాడుతున్నావు."

"టాంకు పెడితే నలుగుతుందేమోనని చూస్తున్నా నాన్నా," అన్నాడు లోకేశ. నలభై మూడేళ్ళవాడు, జిరాక్సు షాపు యజమాని. కుడికాలు సరిగ్గా మడవదు కాబట్టి నేలమీద కాలు చాపుకుని కూర్చున్నాడు. "వైర్లు ఎడమ నుంచి వెళ్తున్నాయి. ఎక్సలేటర్ కేబుల్ కుడి నుంచి విడిగా వదిలేద్దామా?"

"వదిలేస్తే పేగులాగా వేలాడుతుంది. వైర్లతో కలిపి కట్టు. మైనం దారంతో, రెండంగుళాలకో ముడి, గట్టిగా. నా ముడి చూడ్డానికి సూపర్‌వైజర్లు నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. నీకేం తెలుసు, కాగితాలు తిప్పుకునేవాడివి."

లోకేశ రెండూ కలిపి కట్టాడు. ఆ ఇంట్లో ఎదురు చెప్పకపోవడం అతనికి అన్నం తిన్నంత అలవాటు.

కోడలు నేత్రావతి ఉప్మా, కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. "మావయ్యా, ఊరేగింపులో బండి ఎవరు నడుపుతారు?"

"అల్లుడు. హాసన్ నుంచి వస్తున్నాడు."

"బిగించేది ఈయన, ఊరేగేది ఆయనా?"

"నీ మొగుడు ఓసారి ఊరేగాడుగా. సర్కిల్ దగ్గర జనమంతా చూశారు, అది చాలదా?"

అది ఆయనకు ఇష్టమైన కథ. ఇరవై రెండేళ్ళ లోకేశ ఈ బండి మీద వెళ్తూ సర్కిల్ దగ్గర ఎడమకు తిరగబోయాడు. బండి ఎగిరి ముందుకు దూకి రాతిగోడకు గుద్దుకుంది. కాలు మూడుచోట్ల విరిగింది. ఆసుపత్రి మంచం మీద పిల్లవాడు, "హ్యాండిల్ తిప్పగానే ఇంజను దానంతట అదే లేచింది నాన్నా," అన్నాడు. ఈ మహానుభావుడు, "ఆడలేక మద్దెల ఓడు అన్నాడట," అని నవ్వాడు. అప్పటినుంచి బ్రేకేదో ఎక్సలేటరేదో తెలియని నా కొడుకు అంటూ వీధి వీధంతా చెప్పుకున్నాడు. కన్నవాడే అలా అంటుంటే ఊరు ఊరుకుంటుందా? లోకేశ మళ్ళీ బండి ఎక్కలేదు. షాపుకి సిటీ బస్సులో వెళ్తాడు.

నేత్రావతి అక్కడే నిలబడింది. "బిగించినవాళ్ళే నడపాలి మావయ్యా. ఆయన కోసం నేను అడిగేది ఇదొక్కటే."

"ఇంకో కాలు కూడా విరగ్గొట్టుకుంటాడు. వెళ్ళి వంట చూసుకో."

పదిన్నరకు పెట్రోలు పోశారు. లోకేశ బాగున్న కాలితో మూడో కిక్కు కొట్టగానే ఇంజను అందుకుంది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. అయినా మెచ్చుకోలు మాట బయటికి రాలేదు.

"హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూడు."

లోకేశ హ్యాండిల్‌ని నడిమధ్యలో పట్టుకుని ఎడమకు తిప్పాడు. ఇంజను ఒక్కసారిగా అరిచింది.

"ఎక్సలేటర్ వదలరా దద్దమ్మా."

"నేను ముట్టుకోలేదు నాన్నా."

"మళ్ళీ అదే పాట. ఇరవై ఏళ్ళయినా పాట మారలేదు."

"ఆయన చెయ్యి అక్కడ లేదు, నేను చూస్తున్నా," అంది నేత్రావతి. "మీరే తిప్పండి మావయ్యా."

పుట్టరంగయ్య విసుక్కుంటూ లేచాడు. కొడుకుని పక్కకు నెట్టి తనే తిప్పాడు. ఎడమకు తిప్పితే ఇంజను గొంతు చించుకుంది. నేరుగా పెడితే శాంతించింది. ఆయన మళ్ళీ తిప్పాడు, మళ్ళీ నేరుగా పెట్టాడు. కంటికి ఎదురుగానే ఉంది. హ్యాండిల్ తిరిగినప్పుడు వైర్లతో కలిపి కట్టేసిన కేబుల్ బిగుసుకుని, కదిలే చోటులేక, ఎక్సలేటర్ని లాగుతోంది. మూడోసారి తిప్పి ఆయన చేయి తీసేశాడు. లోకేశ ఇంజను ఆపాడు.

"నేను పడిన రోజు పొద్దున నువ్వూ ఇలాగే కట్టావు నాన్నా," అన్నాడు మెల్లగా. "కొత్త వైర్లు వేసి ఇచ్చావు."

పెద్దాయన వంగి ముడులు తడిమి చూశాడు.

"ఫ్యాక్టరీలో కేబుళ్ళు ఎవరు వేసేవాళ్ళు మావయ్యా?" అంది నేత్రావతి.

"పక్క సెక్షన్."

"మీరు?"

"వైర్లు."

"వైర్లొక్కటే?"

"వైర్లొక్కటే," అన్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు వైర్లొక్కటే కట్టి, బండంతా మీరే కన్నట్టు మాట్లాడారన్నమాట." ఆమె గొంతు పెంచలేదు. "పెళ్ళి మాటలప్పుడు మా నాన్నతో ఏమన్నారో గుర్తుందా? కట్నంగా బండి మాత్రం ఇవ్వకండి, మావాడికి బ్రేకేదో తెలియదన్నారు. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వాడు. నేనూ ఓ ఏడాది నమ్మాను. థూ, నా బుద్ధికి."

"నేనూ నమ్మాను నేత్రా," అన్నాడు లోకేశ. "మొదట్లో గట్టిగానే చెప్పాను, అదే లేచిందని. నాన్న రోజూ అంటుంటే, ఎక్సలేటర్ నేనే తిప్పానేమో అనుకున్నా. ఇప్పటికీ అలాగే కల వస్తుంది, నా చెయ్యే తిప్పుతున్నట్టు."

ఆ మాటకు పుట్టరంగయ్య బండి పక్కనే నేలమీద కూలబడ్డాడు. బ్లేడు అడిగి తీసుకున్నాడు. వణికే చేతులతో ఒక్కో ముడీ కోశాడు. రెండుచోట్ల వేలు తెగింది. కోడలు సాయం రాబోతే వద్దన్నాడు. కేబుల్‌ని కుడివైపుకి మార్చమని కొడుకుతో అన్నాడు. అనలేదు, అడిగాడు. లోకేశ దాన్ని హ్యాండిల్ పూర్తిగా తిరిగినా అందేంత వదులుగా వేసి, కిక్కు కొట్టి, ఎడమకు తిప్పాడు. ఇంజను శబ్దం ఒక్కలాగే ఉంది. అతని కళ్ళ నుంచి నీళ్ళు టాంకు మీద పడ్డాయి.

చప్పుడు విని ఎదురింటి చన్నవీరయ్య గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన కూడా పాత ఫ్యాక్టరీ మనిషే. "ఏం రంగయ్యా, బండి లేచిందే. అల్లుడేనా ఊరేగింపుకి?"

"కాదు. మా లోకేశ."

చన్నవీరయ్య నవ్వాడు. "బ్రేకేదో చూపించి పంపు మరి."

తన మాటే. ఇన్నేళ్ళూ తాను పంచిపెట్టిన మాటే, మరొకరి నోట వినేసరికి ఆయన లేచి గేటు దాకా వచ్చాడు.

"వాడికి తెలుసు వీరయ్యా. ఆ రోజు కూడా తెలుసు. నేను కేబుల్ తప్పు కట్టి వాణ్ణి గోడకేసి కొట్టాను. ఇన్నేళ్ళూ వాడిదే తప్పని నీకు చెప్పి నవ్వాను." గేటు పట్టుకుని ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ వీధిలో ఎవరూ ఆయన ఏడవడం చూడలేదు.

లోకేశ కుంటుకుంటూ వచ్చి తండ్రి భుజం పట్టుకున్నాడు. "చాలు నాన్నా, లోపలికి రా."

"చాలదురా. వీధి చివరిదాకా ఇళ్ళున్నాయి. అందరికీ చెప్పాను కదా," అంటూ పుట్టరంగయ్య గేటు తీసి పక్కింటివైపు నడిచాడు.