స్టేబుల్ అని రాసిన చోట

"నువ్వే ముట్టుకున్నావు!" అన్నాడు కాలమ్, అందరూ వింటుండగా.

హోబర్ట్‌లోని ఆ చిన్న రేడియో స్టేషన్‌లో శనివారం ఉదయం పాట మధ్యలో ఆగిపోయింది. పాటలు వేసే లినక్స్ కంప్యూటర్ మొరాయించింది. దాన్ని చూసుకునేది కాలమ్. బాగా నలిగిన పాత విడుదల, అంటే పాత వెర్షన్, తప్ప ఇంకోటి దాని దరికి రానివ్వడు. పక్క కుర్చీలో పనిచేసే టెగన్ ఇంటి కంప్యూటర్లోనేమో రోజుకో కొత్తది దిగుతుంది.

"నేనా? నిన్న హెడ్‌ఫోన్స్ పెట్టేసి వెళ్లాను, అంతే."

"కొత్తది కనిపిస్తే నీ చెయ్యి ఊరుకోదు. నాకు తెలీదా?"

"నీకేం తెలుసు? ఏడాదిగా పక్కనే కూర్చుంటున్నా. నేను టీలో పాలు పోసుకోనని కూడా తెలీదు నీకు!"

టెగన్ రెయిన్‌కోటు లాక్కుని వానలోకి వెళ్లిపోయింది.

"ఇక ఆ పిల్లని రానివ్వద్దు," అంది స్టేషన్ పెద్దావిడ గ్లెనిస్.

 కాలమ్‌కి గెలిచానన్న సంతోషం ఒక్క నిమిషం కూడా లేదు. కంప్యూటర్ తెరిచాడు. ఏ విడుదల కావాలో చెప్పే వరుసలో, తను స్వయంగా రాసిన మాట: స్టేబుల్.

విడుదల పేరు రాయాల్సింది. పేరు రాస్తే అక్కడే ఉంటుంది. స్టేబుల్ అన్నది పేరు కాదు, పదవి. కొత్త విడుదల రాగానే ఆ పదవి దానికి పోతుంది. ఇవాళ కొత్తది వచ్చింది. కంప్యూటర్ తనంతట తానే దాని వెంట పోయింది.

టెగన్ ఇంటికి వెళ్లే ఫెర్రీ రేవు దాకా పరిగెత్తాడు, గొడుగు కూడా లేకుండా.

"టెగన్! తప్పు నాది. పేరు రాయకుండా స్టేబుల్ అని రాశాను."

ఆమె తేరిపార చూసింది. తర్వాత నవ్వాపుకోలేక రెయిలింగ్ పట్టుకుంది.

"నువ్వా? కదలనిదే మేలని ఏడాది పాటు నా చెవులకు చిల్లులు పొడిచిన నువ్వా?"

"నవ్వు, ఎంతైనా నవ్వు. ఈ ఫెర్రీ మాత్రం ఎక్కకు."

"ఏం?"

"నువ్వంటే ఇష్టం నాకు."

టెగన్ నవ్వు ఆగింది. "తిట్టడం అందరి ముందు. ఇదేమో ఎవరూ లేని చోటా? పద వెనక్కి."

కాలమ్ తడిబట్టలతో నిలబడి అందరి ముందూ రెండూ చెప్పాడు. గ్లెనిస్ కళ్లజోడు సవరించుకుంది.

"మొదటిది మీటింగ్ పుస్తకంలో రాస్తా. రెండోదానికి కమిటీ ఆమోదం అక్కర్లేదు."

టెగన్ క్షమించానని అనలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని కీబోర్డు తన వైపు లాక్కుంది.

"జరుగు."

కాలమ్ కుర్చీతో సహా గోడ దాకా జరిగాడు.

"అంత దూరం కాదు," అంది.