బయట గడియ

మీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని పనిచేసే గదికి గడియ ఏ వైపున ఉంది... లోపలా? బయటా?

తెలీదు కదూ. తలుపు తీసి ఉన్నంతసేపూ గడియ సంగతి ఎవరికీ పట్టదు.

కాటన్‌పేట వెనక సందుల్లో ఒక గోదాము ఉంది. ఒకప్పుడు అందులో దూది మూటలు ఉండేవి, తరవాత మేడమీద అగరబత్తీలు చేసేవాళ్ళు. సందులో దాని పేరు నల్లచేతుల గోదాము. చిక్కపేట నుంచి మూటలు లాక్కొచ్చే తోపుడుబండ్ల వాళ్ళు కూడా దీపాలు పెట్టే వేళ దాటితే ఆ సందులోకి రారు. చుట్టుదారైనా సరే, పెద్దరోడ్డు మీదే పోతారు. ఆ గోడ పక్కన తడిబొగ్గు వాసన వస్తుందట. దాని వెనకే మల్లె సెంటు వాసన... ఎక్కడా అగరవత్తి వెలగదు. ఎవరూ కనబడరు.

1993లో, దసరా ఇంకో వారం ఉందనగా, ఆ మేడమీద ఏడుగురు ఆడవాళ్ళు కాలిపోయారు.

బొగ్గుపొడీ జిగురూ కలిపిన ముద్దని చెక్కపలక మీద పెట్టి, పుల్లకి అంటేలా అరచేత్తో దొర్లించడం, ఆరాక మల్లె సెంటులో ముంచడం వాళ్ళ పని. ఎంత తోమినా ఆ చేతుల నలుపు వదలదు. ఆ ఏడుగురిలో ఒకామె హనుమక్క. మా అమ్మ. నాకప్పుడు ఆరేళ్ళు.

స్టవ్ పేలిందన్నారు. సరే, పేలింది. తలుపుంది కదా! ఏడుగురిలో ఒక్కరైనా ఎందుకు బయటికి రాలేకపోయారు? బండి లాగే చిక్కమునియప్ప కాలిన చెయ్యి చూపించి మరీ చెప్పాడు — "బయట గడియ వేసుండాదప్పా, నేనే తీసినా" అని. తాగినోడి మాట అని పోలీసులు తోసేశారు. తలుపు తీసే ఉందని రాసుకుని కాగితాలు కట్టేశారు.

పెద్దయ్యాక, కూలీల సభల్లో మైకు దొరికిన ప్రతిచోటా నేను ఒకే ప్రశ్న అడిగాను. ఆ గడియ వేసిందెవరు? యజమానా? మేస్త్రీయా? ఒక్క పేరు కావాలి నాకు. పేరు దొరికితే ఆ కట్టిన కాగితాలు మళ్ళీ విప్పిస్తాను... అంత నమ్మకం ఉండేది.

నన్ను పెంచింది పిన్ని. పేరు పాపక్క, మా అమ్మకి చెల్లెలు. తనూ అక్కడే పనిచేసేది, అప్పటికి పదిహేడేళ్ళు. ఆ సాయంత్రం నాకు జ్వరమని, గంజి పోసి రమ్మని అమ్మే తనని ఇంటికి పంపింది. అలా పిన్ని బతికింది. తరవాత పదమూడేళ్ళు ఆ సందు మొహం చూడలేదు.

2006లో చైత్ర అనే డిజైనరు ఆ గోదాము కొని, మేడమీది భాగాన్ని ఇల్లు చేసుకుంది. లాఫ్టు అట. మా పక్కింటి నంజమ్మ అక్కడ పనికి కుదిరింది.

"లాఫ్టంటే అటకే కదమే? అటకెక్కి కాపరం చేస్తారా యాడైనా?" అని పిన్ని నవ్వింది.

"పోయి చూడు, కండ్లు తిరుగుతాయి నీకు. ఆ పాత తలుపు గూడా అట్లనే పెట్టుకోనుండాది ఆయమ్మ."

పిన్ని నవ్వు ఆగిపోయింది.

తరవాతి శనివారం నంజమ్మ కూతురింటికి వెళ్ళాల్సొచ్చింది. "నీ బదులు నేను పోతాలే" అని పిన్నే అడిగి వెళ్ళింది. ఎందుకో నాకు చెప్పలేదు.

ఇక్కడినుంచి పిన్ని నోట విన్నదే చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఇల్లు చూడ్డానికి ఎనిమిదిమంది వచ్చారు. ఒకతని మెడలో కెమెరా. చైత్ర ముందు నడుస్తోంది, వాళ్ళు వెనక. రోటి మీద గాజుపలక వేసి టీపాయ్ చేసింది. తిరగలిరాయి గోడకెక్కింది. ఎవరింటివో రెండు చెక్కస్తంభాలు దేన్నీ మోయకుండా ఊరికే నిలబడి ఉన్నాయి. ఇత్తడి గంగాళంలో గులాబీ రేకులు. ఒకప్పుడు ఊచలు బిగించిన జానెడు కిటికీలున్న చోట, ఇప్పుడు గోడంతా గాజు.

మేం పారేసినవన్నీ ఏరుకొచ్చినట్టుంది ఈయమ్మ, అనుకుంది పిన్ని. అంతలో ఎదురుగోడ చూసింది.

అగరబత్తీ పలకలు. ఏడు. వరసగా మేకులకి వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీదా చిన్న లైటు.

"మూలన పడున్నాయి. ఆ నలుపు చూడండి, ఏ ఆర్టిస్టు తేగలడు?" అంది చైత్ర.

నాలుగో పలకకి మూల విరిగి ఉంది. అది మా అమ్మది.

"ఇక నాకన్నిటికన్నా ఇష్టమైంది..." అంటూ చైత్ర గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. పాత టేకు తలుపు. బయటివైపు నూనె పట్టించి నిగనిగలాడుతోంది. లోపలివైపు మాత్రం అలాగే వదిలేసింది, బొగ్గై, పగుళ్ళు తేలి... "ఈ కాలిన టెక్స్చర్ నేను ముట్టుకోలేదు. ఈ గడియ చూడండి, చేత్తో కొట్టిన ఇనుము."

కెమెరా రెండుసార్లు మెరిసింది.

అప్పుడే కరెంటు పోయింది.

ఎవరో ఊ అని దెయ్యంలా కూశారు. నవ్వులు. అందరూ తడుముకుంటూ గాజుగోడ వైపు, వీధి వెలుతురు వైపు వెళ్ళిపోయారు. "పాపక్కా, కింద కార్లో కొవ్వొత్తులున్నాయి. తెస్తావా?"

పిన్ని బయటికొచ్చింది. తలుపు లాగింది. మెట్లు దిగసాగింది.

ఒకటి... రెండు... మూడో మెట్టు.

పట్.

పిడికిలి కాదు. అరచెయ్యి. తడి అరచెయ్యి చెక్కమీద పడ్డ చప్పుడు.

పట్... పట్. ఇంకో చెయ్యి. ఇంకోటి. తలుపు నిండా చేతులు — పైనా, కిందా, అంచుల్లోనూ. అరుపు లేదు. ఊపిరాడనివాళ్ళు అరవలేరు. తడిబొగ్గు వాసన మెట్ల మీదుగా దిగొచ్చింది, దాని వెనకే మల్లె సెంటు.

తరవాత, తలుపు సందులోంచి, గుసగుసగా —

"పాపా... గడియ."

పిన్ని పైకి పరిగెత్తింది. తలుపుకి గడియ వేసి ఉంది. ఇనుము సలసలా కాలుతోంది. కుడిచేత్తో పట్టి లాగింది. తెరిచింది.

ఎవరూ లేరు.

ఆ చివర, గాజుగోడ దగ్గర ఎనిమిదిమందీ చైత్రా నవ్వుకుంటున్నారు. "అప్పుడే తెచ్చేశావా?" ఎవరూ తలుపు దగ్గరికి రాలేదు. తలుపు వేసిన సంగతే వాళ్ళకి తెలీదు.

కరెంటొచ్చింది.

కాలిన చెక్క మీద అరచేతుల గుర్తులు. నల్లగా, తడిగా, తలుపు నిండా.

చైత్ర ముఖం చిట్లించింది. "ఎవరివి ఈ మసి చేతులు? పాపక్కా, నీవేనా? ముందు తుడిచెయ్, ఫోటోలో పడతాయి."

పిన్ని తడిగుడ్డ తెచ్చింది. తుడిచింది. ఏడు జతలూ.

ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు తన కుడి అరచేతిలో వేలెడు పొడుగున వాత ఉంది.

నేనూరుకుంటానా? "గాలికి తలుపు కొట్టుకుని ఉంటుంది పిన్నీ."

"గాలికి నా పేరు తెలుసునా?"

"మరి ఈ వాత? కొవ్వొత్తి మైనం పడుంటుంది."

"కొవ్వొత్తులు కార్లోనే ఉండాయమ్మీ."

"సరే, ఒక్కటి చెప్పు. అందరూ లోపలుంటే, నువ్వొక్కదానివే బయటుంటే... గడియ ఎవరు వేశారు?"

పిన్ని వాత ఉన్న చెయ్యి విప్పింది.

"నేనే వేసినా. నాకు తెలీకుండానే. చెయ్యి దానంతటదే పోయింది." తన అరచేతిని తనే చూసుకుంటోంది. "మేస్త్రీ చెప్పిండాడు. బయటికి పొయ్యేటోళ్ళు గడియ వేసే పోవాల, తనిఖీ వాళ్ళొస్తే రూము కాళీ అనుకోవాల అని. దినామూ వేసేదే. ఆ పొద్దు గూడా..."

పిన్ని ఆ చెయ్యి నా ముందు పెట్టింది.

"పేరు కావాల, పేరు కావాల అంటివే. రాసుకో."

తప్పు మేస్త్రీది, వాడిచేత చెప్పించిన యజమానిది. ఈ వాదన నాకు నిద్రలో లేపినా వచ్చు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పిన్ని మొత్తం విన్నది.

"అదంతా నువ్వు చెప్తావు. తలుపు కొట్టినోళ్ళు నన్నే పిల్సినారు."

ఆ గడియ పడింది నాకు గంజి పోయడానికి.

నెల తరవాత ఆ లాఫ్టుకి వెళ్ళాను. కనీసం తలుపైనా సాక్ష్యంగా అడుగుదామని. చైత్ర మంచిదే, కూర్చోమంది, కాఫీ ఇచ్చింది. గుమ్మానికి కొత్త తలుపుంది.

"పాతదా? ఇదిగో, నీ ముందే ఉంది."

నేను కాఫీకప్పు పెట్టింది దానిమీదే. తలుపుని వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్ళు బిగించి, పన్నెండుమంది కూర్చుని తినే టేబులు చేసింది. కాలినవైపు కిందికి, గడియ పైకి. పైన మందపాటి గాజు.

"గడియ వేసి ఉంటేనే అందం," అంది. "భోజనాల వేళ కింద నుంచి పట్‌పట్‌మంటుంది, భయపడకు. పాత చెక్క కదా, చలికి విరుచుకుంటుంది."

అంతలో కప్పు సాసర్లో వణికింది.

గాజు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. కింద గడియ కనిపిస్తోంది. వేలెడు దూరం... అందదు.

ఇప్పుడు మా ఇంట్లో తలుపు రాత్రంతా తీసే ఉంటుంది. ఎవరైనా వేస్తే పిన్ని లేచి తీస్తుంది. కేసు లేదు. పేరు దొరికింది, కానీ దాన్ని నేను ఏ మైకులోనూ చెప్పలేను. ఆ టేబులు దగ్గర ఈ శనివారం కూడా భోజనాలున్నాయట.

అక్కడ గడియ మీద గాజు బిగించేశారు, ఇక తీయలేం. మీ సందులో ఇంకా బిగించలేదు. కుట్టుపని చేసే మేడలున్నాయి, అట్టపెట్టెల గోదాములున్నాయి, బయట గడియ పడి లోపల లైటు వెలుగుతున్న గదులున్నాయి. ఇంటికెళ్ళే దారిలో ఒక్కసారి ఆగండి. చెవి పెట్టి వినండి. లోపల మనుషులుంటే ఎవరినీ అడక్కండి, ఎవరు వేశారని వెతక్కండి...

ముందు గడియ తీయండి.