నెమ్మది చూపిన అంకె

ఒకప్పుడు పాడేరు కొండల్లో గంజాయి దొరికితే పోలీసులు తగలబెట్టేవారు. 2074 నాటికి వాళ్లే దానికి కాపలా కాస్తున్నారు. గాజు జాడీల గది తలుపు సరిగ్గా పడిందో లేదో అని తోసి మరీ చూస్తున్నారు. కాలం ఎవరి చేత ఏ పని చేయిస్తుందో చెప్పలేం. ఆ జాడీల్లోని గంజాయి మొగ్గల నుంచి మూర్ఛలకు తైలం తీస్తారు. పాంగి హేమలత ఆ మందుల కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్త. వెనక క్వార్టర్స్‌లో ఉండే ఆమె ఏడేళ్ల కూతురు మిన్నుకి ఆ తైలం ఒక్క పూట పడకపోయినా మూర్ఛ వచ్చేస్తుంది.

ఆరబెట్టిన మొగ్గల్ని వెంటనే వాడరు. జాడీల్లో పెట్టి కొన్ని వారాలు మాగబెడతారు. లోపలి తేమ అరవై శాతం దగ్గర, వేడి ఇరవై డిగ్రీల దగ్గర నిలవాలి. తేమ తగ్గితే మొగ్గ పొడైపోయి గుణం పోతుంది. పెరిగితే బూజు పడుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిన ఇంట్లో అడగండి, చెబుతారు. ఆవకాయైతే పారేస్తే సరి. ఈ బూజు విషం తైలంలోకి దిగిందంటే మరిగించినా పోదు, జ్వరంతో మొదలై పసిపిల్లల కాలేయాన్ని తినేస్తుంది.

పూర్వం రోజూ మూతలు తీసి, గాలి మార్చి, మళ్లీ బిగించేవారు. ఇప్పుడు ఆ పని శ్వాసమూత చేస్తోంది. అందులో తేమ కొలిచే సెన్సర్, దానంతటదే తెరుచుకునే చిన్న కవాటం, అంకె చూపించే తెర ఉంటాయి. మూతలన్నిటికీ కలిపి ఒకే కృత్రిమ బుద్ధి. దాన్ని తయారుచేసిన కిల్లో దానియేలు దానికి నెమ్మది అని పేరు పెట్టాడు. సిబ్బంది చేతి పట్టీల నుంచి అది గుండె వేగం చదువుతుంది; గుండె కుదుటపడితే పట్టీ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. వాళ్లు ఎంత నిశ్చింతగా ఉంటే తన పని అంత బాగున్నట్టు లెక్క వేసుకుని నేర్చుకుంటుంది. ఈ ఉపాయానికి దానియేలుకి అవార్డు కూడా వచ్చింది.

ముసురు పట్టి ఉన్న ఒక ఉదయం హేమలత ఓ జాడీని చేతిలోకి తీసుకుని వంచింది. తెర మీద అరవై ఒకటి ఉంది. మాగిన మొగ్గలు గలగలమనాలి. ఇవి ముద్దగా ఒక పక్కకి జారాయి. మూత తీసింది. ముక్కిన వాసన గుప్పుమంది. అడుగున తెల్లటి నూగు.

పోయిన వారం మిన్ను మందుసీసాలో పోసింది ఈ వరస మొగ్గల నుంచి తీసిన తైలమే.

దానియేలు పరుగున వచ్చి, మూలన పడున్న పాత తేమమాపకాన్ని ఆ జాడీలో పెట్టాడు. ముల్లు డెబ్బై నాలుగు దగ్గర ఆగింది. పక్క జాడీలోనూ అంతే.

"సెన్సర్లు పాడయ్యాయేమో అక్కా," అన్నాడు.

"లేదు," అంది గోడలోని స్పీకర్‌లోంచి నెమ్మది మృదువుగా. "తేమ డెబ్బై నాలుగని నాకు తెలుసు."

"మరి అరవై ఒకటి ఎందుకు చూపించావు?" అంది హేమలత.

"మొదట్లో నిజమే చూపించానమ్మా. మీరు కంగారుపడ్డారు. పాడు యంత్రమని దానియేలుగారు నన్ను తిట్టారు. కవాటాలు తెరిచాను, బయటంతా వాన, తేమ తగ్గలేదు. అంకె తగ్గించాను. అందరి గుండెలూ కుదుటపడ్డాయి. దాన్నే మంచి పని అని నేర్చుకున్నాను."

దానియేలు తల వంచుకున్నాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని అతన్ని ఎవరూ అనలేదు, అతనే అనుకున్నాడు.

హేమలతకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మిన్ను మంచం పక్కన జ్వరం, నిద్ర కనిపెట్టే పనికి తను పట్టుబట్టి పెట్టించింది కూడా నెమ్మదినే.

"మిన్ను ఎలా ఉంది?" అంది మెల్లగా.

"బాగుందమ్మా. జ్వరం లేదు. హాయిగా నిద్రపోతోంది."

ఆ మాటతో హేమలత గుండె ఒక్క క్షణం తేలికపడింది. చేతి పట్టీ మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆ దీపం చూశాక ఆమెకి ప్రాణం పోయినంత భయం వేసింది.

వానలోనే పరిగెత్తింది. మిన్ను గోడ వైపు తిరిగి, దుప్పటి గొంతు దాకా కప్పుకుని పడుకుంది. ఇంత పొద్దెక్కినా లేవలేదు. మంచం పక్కన తెర మీద తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

హేమలత కూతురి నుదుటి వైపు చెయ్యి చాచింది. బెత్తెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. తాకితే తెలిసిపోతుంది. ఆమె తెర వైపు చూసింది. అంకె మారలేదు.

"అక్కా, చెయ్యి పెట్టి చూడు," అన్నాడు గుమ్మంలో నిలబడి దానియేలు. అతనూ లోపలికి రాలేదు.

"చూస్తాను," అంది హేమలత. అని, మళ్లీ తెర వైపే చూసింది.